‘ఇంకా చదవలేదా?’ అనడం మానేద్దాం

పోయినేడు హాస్టల్లో ఒక సాయంత్రం మన క్లాసమ్మాయి ఒకరు నా మంచం మీదున్న లావుపాటి పుస్తకాలు చూసి, “ఏమే, నాక్కూడా ఒకటి చెప్పవే, సెలవుల్లో చదువుకుంటా” అంది. దానికి నేనన్న మొదటి మాట: “అయ్యో, నువ్వింకా హారీ పాటర్ కూడా చదవలేదా?” ఆ తర్వాత ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను. పర్సీ జాక్సన్ ఐదు భాగాలు, నార్నియా ఏడు భాగాలు, అందులో ఏది ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి, ఏ పుస్తకాన్ని సినిమావాళ్లు ఎలా చెడగొట్టారు, అన్నీ చెప్పేశాను. ఆమె “సరేలే” అని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ నన్ను పుస్తకం అడగలేదు.

ఆమె హొసూరు పక్క పల్లెలో తెలుగు మీడియంలో చదివి వచ్చింది. తెలుగు నాకంటే రెండింతలు వేగంగా చదువుతుంది. ఐదొందల పేజీల ఇంగ్లీషు నవల అంటే మాత్రం ఆమెకు కొండెక్కినంత పని. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆమెకు పుస్తకం చెప్పే వంకతో నేనెన్ని చదివానో చెప్పుకున్నాను.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదనుకుంటా. ఫాంటసీ చదివేవాళ్లం ఒక గుంపుగా కూర్చుంటాం, మనకే అర్థమయ్యే పేర్లతో మాట్లాడుకుంటాం, కొత్తగా వచ్చినవాళ్లను “ఇంకా చదవలేదా?” అని పలకరిస్తాం. ఇటు పెద్దవాళ్లేమో “డిగ్రీకి వచ్చాక కూడా ఈ మంత్రాలూ మాయలూ ఏంటమ్మా, జీవితాన్ని రాసినవాళ్లను చదవండి” అంటారు. ఈ రెండింటి మధ్యా నిజంగా ఒక మంచి కథ కావాలని వచ్చిన పిల్ల చేతికి ఏమీ దక్కదు.

ముందు పెద్దల మాటకు జవాబు చెబుతాను. జీవితాన్ని రాసినవాళ్లను చదవాలి, కాదనను. కానీ ఫాంటసీలో జీవితం లేదంటే ఒప్పుకోలేను. ఉర్సులా లె గ్విన్ 1971లో రాసిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ అనే చిన్న నవల ఉంది. అందులో టెనార్ అనే పిల్లను పసితనంలోనే ఇంటి నుంచి తీసుకెళ్లి గుడికి పూజారిణిని చేస్తారు. పాత పూజారిణే మళ్లీ ఈ పిల్లగా పుట్టిందని వాళ్ల నమ్మకం. సొంత పేరు కూడా తీసేస్తారు. గుడి కింద చీకటి సొరంగాలకు ఆ పిల్లే యజమాని, ఆ చీకట్లోనే ఖైదీ కూడా. చివరికి ఒక మాంత్రికుడు వచ్చి ఆమెకు ఆమె పేరును గుర్తు చేస్తాడు. అయితే తలుపు తీసుకుని బయటికి రావాలా వద్దా అన్నది ఆమే తేల్చుకోవాలి. బయటికి వచ్చాక స్వేచ్ఛ తేలిగ్గా ఉండదు, బరువుగా ఉంటుంది. “నీ మంచికే” అంటూ తన తరఫున అన్నీ ఇంకొకరే నిర్ణయించేసిన ఆడపిల్ల మన క్లాసులో ఒక్కతైనా లేదంటారా? ఆ పిల్లకు ఈ కథ దూరదేశపు మాయ అనిపించదు.

ఇంకో మాట. మన సిలబస్‌లో పేరు వినే ‘కళాపూర్ణోదయం’ ఏమిటి మరి? పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసింది. సింహం వాహనంగా ఆకాశంలో తిరిగే సిద్ధుడు, ఒకరి రూపం ఇంకొకరు ధరించి పడే చిక్కులు, పూర్వజన్మ గుర్తొచ్చి నిండు సభలో కథ చెప్పే పసిపాప! ఇంటర్నల్ పరీక్షకు ముందు రాత్రి ఈ కథంతా నాకు విడమరిచి చెప్పింది ఎవరనుకున్నారు? నన్ను పుస్తకం అడిగి ముఖం చిన్నబుచ్చుకున్న ఆ అమ్మాయే. కలభాషిణి ఎవరో, మధురలాలస ఎవరో, మణికంధరుడు మళ్లీ ఎవరై పుట్టాడో చేతులు తిప్పుతూ చెబుతుంటే నాకు నిద్ర ఎగిరిపోయింది. అప్పుడు తెలిసింది, మా ఇద్దరిలో అసలైన ఫాంటసీ పాఠకురాలు ఎవరో. నేను ఆమెకు చెప్పిన పది పేర్లలో ఒక్కటీ తెలుగుది లేదు.

ఈ తప్పును నేను దిద్దుకున్నది మా చిన్నాయన కూతురి దగ్గర. అది తొమ్మిదో తరగతి. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఇంగ్లీషు, తమిళం. తెలుగు అక్షరాలు వాళ్లమ్మ దగ్గర కొంచెం కొంచెం నేర్చుకుంది. తమిళంలో ఒక్క ‘క’తో గడిచిపోయే చోట మనకు క, ఖ, గ, ఘ నాలుగుంటాయి కదా. దానికి తోడు ఒత్తులు. రెండు లైన్లు చదివి “నాకు బుర్ర లేదక్కా” అని మూసేసేది. ఈసారి నేను పేర్లు చెప్పలేదు, అడిగాను: “నువ్వు నిద్ర మానుకుని చదివిన పుస్తకం ఏది? అందులో నీకేం నచ్చింది?” పర్సీ జాక్సన్ అంది. దేవుళ్లు, రాక్షసులు నచ్చారేమో అనుకున్నా. కాదు. పర్సీకి డిస్లెక్సియా, అక్షరాలు కళ్ల ముందు ఈదుతుంటాయి. అతను మొద్దు కాదని, అతని బుర్ర ప్రాచీన గ్రీకు భాషకు తయారై ఉందని తర్వాత తెలుస్తుంది. “అది చదివి ఏడ్చేశానక్కా” అంది.

అప్పుడు మా అవ్వ ట్రంకుపెట్టెలోని బైండు పుస్తకం తీశాను. చందమామ నుంచి నెలనెలా కాగితాలు చించి కుట్టించుకున్న ‘శిథిలాలయం’ సీరియల్. 1947 జూలైలో ఈ మద్రాసులోనే పుట్టిన పత్రిక చందమామ. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి ఇలాంటి సీరియల్స్ రాశారు. శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో పడే పాట్లు, చిత్రా గారి బొమ్మలు, ప్రతి భాగం చివరా ఒక గండం. నేను ఒక భాగం గట్టిగా చదివి, సరిగ్గా గండం దగ్గర ఆపి, అన్నం తినడానికి లేచాను. తిరిగొచ్చేసరికి అది వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. ఖ, ఘ తప్పే చదివింది. అయినా ఆపలేదు. ఆ భాగం అయ్యాక తర్వాతది తనే మొదలుపెట్టింది.

ఆ సీరియల్స్‌లో లోపం లేదని కాదు. సాహసమంతా మగపిల్లలదే. “మనం ఎక్కడక్కా ఇందులో?” అని అది నన్ను అడిగింది కూడా. ఆ ప్రశ్నకు తర్వాతి పుస్తకమే జవాబు. రోషణి చోక్షి 2018లో రాసిన ‘ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ దాని చేతికిచ్చాను. అందులో పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలై పుడతారు. అలా ఒక పుస్తకంలో పుట్టిన ప్రశ్న ఇంకో పుస్తకానికి దారి చూపించింది. నా పది పేర్ల జాబితా ఈ పని ఎన్నటికీ చేయలేదు.

అందుకే నాకనిపించేది ఇదీ. పుస్తకం చెప్పడమంటే వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం లాంటిది. వంటింట్లో ఎన్ని రకాలున్నాయో చదివి వినిపించం కదా, ఆకలి ఎంతుందో, కారం తింటారో లేదో అడిగి వడ్డిస్తాం. ఏ భాష సులువుగా చదువుతారు? ఆఖరుసారి ఏ కథ వదలబుద్ధి కాలేదు, ఎందుకు? ఇప్పుడు ఎంత తీరిక ఉంది? ఈ మూడూ అడిగి ఒకే ఒక్క పుస్తకం చెబుదాం. నచ్చలేదంటే పోట్లాడకుండా ఇంకోటి చెబుదాం. ఏడు భాగాల సిరీస్‌లో మొదటిది చాలనుకున్నవాళ్లను అక్కడితో వదిలేద్దాం.

ఈ కాగితం కింద ఒక ఖాళీ చార్టు అంటించాను. మేడమ్ గారి అనుమతి తీసుకున్నాను. చదివిన పుస్తకం పేరు, అది ఎలాంటివాళ్లకు ఇస్తారో రెండు ముక్కలు రాసి అంటించండి. మేడమ్‌లు కూడా రాస్తే సంతోషం. మొదటి చీటీ నాది కాదు. ‘కళాపూర్ణోదయం: రాత్రిపూట కథ చెప్పేవాళ్లు పక్కన ఉన్నవాళ్లకు’ అని ఉంది, చూడండి. ఆమె రాసిందే. పోయినవారం ఆమే వచ్చి, “ఇప్పుడు చెప్పు, నాకు ఏది ఇస్తావు?” అంది. ఈసారి తొందరపడలేదు. ముందు అడుగుతున్నాను.