దాచిన ఆపరేషన్

నస్రుల్లాబాద్ చుట్టుపక్కల ఏ పెళ్లి దావత్‌లోనైనా సరే, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కోబోయే మనిషిని జనం వదలరు. "ఏంది బావా, గంతేనా? మా ఇంటి కూర మంచిగ లేదా?" అని ఒకడు. "షుగరొచ్చిందా ఏంది?" అని ఇంకొకడు. ఈలోపు వెనక నుంచి ఓ పెద్దమ్మ వచ్చి, అడగకుండానే గరిటెడు మటన్ తునకలు వేసి పోతుంది. వేసింది వదిలేస్తే పెట్టినవాళ్లకు అవమానం. తింటాడు. పది నిమిషాల్లో రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టు పట్టేస్తుంది. నోట్లో నురుగులాగా ఉమ్మి ఊరుతుంది. షామియానా వెనక్కి పోయి కక్కుకుంటాడు. చూసినవాళ్లు "పొద్దుగాల్నే ఏసిండు" అని నవ్వుకుంటారు.

ఆయన నాలుగు నెలల కింద హైదరాబాద్ పోయి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు. పెండ్లానికి, తమ్ముడికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లకు "గ్యాస్ ఆపరేషన్" అని చెప్పారు. ఈ మనిషిని నేను అల్లుకున్నాను, ఎవరూ ఫలానా వాడని వెతకొద్దు. కానీ ఇలా దాచుకుని తిరిగేవాళ్లు మన మధ్య ఉన్నారు. ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో ఊళ్లో ఉండేవాడికి అన్నింటికన్నా చెడ్డది దాన్ని దాచడమేనని నా అభిప్రాయం.

ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని పొడుగాటి గొట్టంలా ఉంచుతారు. అందులో పట్టేది మొదట్లో 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఓ చిన్న టీ గ్లాసు. కోసి తీసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి కొన్ని నెలలపాటు ఆకలి కూడా పెద్దగా తెలియదు. రెండోది బైపాస్. జీర్ణాశయం పై భాగాన కోడిగుడ్డంత సంచి మాత్రం ఉంచి దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. దీన్ని 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. స్లీవ్ కథ ఇంకో తీరు. బాగా లావున్నవాళ్లకు పెద్ద ఆపరేషన్ ఒకేసారి చేస్తే తట్టుకోలేరని దాన్ని రెండు విడతలు చేశారు. మొదటి విడతకే చాలామంది బరువు తగ్గిపోయి రెండో విడత అక్కర్లేకపోయింది. ఆ మొదటి విడతే స్లీవ్.

ఇంతవరకూ డాక్టర్ల పని. మిగతాదంతా వంటింటి పని, అది మన వైపు అంత తేలిక కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో బాన్సువాడ, బీర్కూర్, నస్రుల్లాబాద్ వైపు వరి తప్ప ఇంకో ఊసు లేకుండా పోయింది. జొన్న గటక, మక్క గటక తిన్న తాతల మనవలకు ఇప్పుడు మూడు పూటలా బియ్యమే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్న బియ్యం వస్తున్నాయి. మంచిదే. కానీ కడుపు కోయించుకున్నవాడికి డాక్టరు చెప్పే మొదటి మాట, రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ లోపలికి పోవాలని. వంద గ్రాముల అన్నంలో ప్రొటీన్ రెండున్నర గ్రాములు. లెక్క కట్టండి, 60 గ్రాములు అన్నంలోంచే రావాలంటే రోజుకు రెండు కిలోల పైన అన్నం తినాలి. టీ గ్లాసంత కడుపుతో!

అందుకే కంచంలో వరుస తిరగేయాలి. ముందు గుడ్డు, కోడికూర, చేప, పప్పు, పెరుగు. తర్వాత కూరగాయ. ఇంకా చోటుంటే చివర్న రెండు ముద్దల అన్నం. రెండు గుడ్లు, అర లీటరు పాలు పెరుగు కలిపి, వంద గ్రాముల ఉడికిన కోడి మాంసం, ఓ గిన్నె ముద్దపప్పు రోజంతా ఐదారుసార్లుగా తింటే 60 గ్రాముల దగ్గరికి వస్తుంది. మరి మన ఇళ్లలో? కంచం నిండా అన్నం పోసి మధ్యలో గుంట చేసి అందులో ఇంత పప్పు వేస్తారు. అసలు ఈ వరుస ఆపరేషన్ అయినవాళ్లకే కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బియ్యం, గోధుమల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని అందరికీ చెప్పింది. ఆ సంస్థ మన రాజధానిలోనే ఉన్నా దాని మాట బాన్సువాడ దాకా రాలేదు.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. ఎండాకాలం పొలం నుంచి వచ్చి చెంబు ఎత్తి గటగటా తాగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆపరేషన్ అయినవాడు అలా తాగలేడు. గుటక గుటకగా, రోజంతా తాగుతూనే ఉండాలి. తిండితోపాటు తాగొద్దు, తిన్న అరగంట దాకా తాగొద్దు. దాహమేసినప్పుడే తాగుదామని కూర్చుంటే సాయంత్రానికి మూత్రం ముదురు పసుపు రంగులోకి తిరుగుతుంది, కళ్లు తిరుగుతాయి. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లలో చాలామంది ఇలా ఒంట్లో నీరు తగ్గి చేరేవాళ్లే. వరికోతల్లో పనిచేసేవాడు పక్కన సీసా పెట్టుకుని నిమిషానికోసారి చప్పరిస్తుంటే జనం అడగరా? అడుగుతారు. చెప్పడానికి మొహమాటపడి సీసా ఇంట్లో వదిలి పోయేవాడే మధ్యాహ్నానికి గట్టు మీద పడిపోతాడు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఓ కాగితం ఇస్తారు. అందులో బ్రాత్, ప్యూరీ, గ్రీక్ యోగర్ట్, వే ప్రొటీన్ అని ఉంటాయి. ఆ కాగితం రాసినవాళ్లకు మన వంటిల్లు తెలియదు కానీ మన వంటింట్లో అన్నీ ఉన్నాయి. మొదటి రోజుల్లో కొబ్బరి నీళ్లు, వడగట్టిన పలచని మజ్జిగ, పెసరకట్టు తేట. తర్వాత రెండు వారాల దాకా పాలు, పలచటి రాగి జావ. ఆ తర్వాత మెత్తగా మెదిపిన పప్పు, మెత్తని గుడ్డు, పెరుగు. నెల దాటాక ముల్లు తీసిన చేప, బాగా ఉడికిన ఖీమా. రెండు నెలలకు కాస్త కాస్త అందరి తిండి. రోజులు ఆసుపత్రిని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరుస మాత్రం ఇదే. జొన్నరొట్టె చాలా ఆలస్యంగా. పొడిగా ఉండి గొంతు దిగినాక ఉబ్బుతుంది. మటన్ తునకలైతే ఆరు నెలల తర్వాత కూడా నములుతూ నములుతూ దవడలు నొప్పి పుట్టాక మింగాలి. బైపాస్ అయినవాళ్లు బెల్లం బూరెలు, గులాబ్ జామూన్‌ల జోలికి పోకపోవడం మంచిది. తీపి ఒక్కసారిగా పేగులోకి పోతే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనాలవుతాయి.

మరి ఎందుకు దాస్తారు? బరువు తగ్గడం అంటే నోరు కట్టుకోవడం, పొద్దున్నే నడవడం అని అందరం నమ్మేశాం. అది చేతగాక ఆపరేషన్ చేయించుకున్నాడంటే బద్ధకస్తుడని లెక్క. 2019లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు రాస్తూ బీఎంఐ (ఎత్తును బట్టి కట్టే బరువు లెక్క) 40 దాటినవాళ్లకు, 35 దాటి గుండె జబ్బో అదుపులో లేని షుగరో ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్ ఖర్చుకు దారి తెరిచింది. ఇన్సూరెన్సు కంపెనీకి జబ్బుగా కనిపించింది బావమరిదికి ఇంకా బద్ధకంగానే కనిపిస్తోంది. రెండో భయం సినిమా వాళ్ల నుంచి వచ్చింది. 'నువ్వు నాకు నచ్చావ్'లో అందరికీ నచ్చిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వు పీల్చేయడం, జీర్ణాశయానికి దానికి సంబంధమే లేదు. కానీ ఊళ్లో రెండూ ఒకటే, "కొవ్వు తీయించుకునుడు". ఢిల్లీ పెద్దలు దాచలేదు. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఆర్థిక మంత్రిగా ఉండగానే బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు, దేశమంతా చదివింది. 2022లో మన ఉస్మానియా ఆసుపత్రిలోనే 240 కిలోల బరువున్న యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు, అదీ సర్కారు దవాఖానలో.

ఆడవాళ్లయితే ఇంకా గట్టిగా దాస్తారు. పెళ్లి కావాల్సిన అమ్మాయికి కడుపు ఆపరేషన్ అయిందంటే సంబంధం తప్పిపోతుందని తల్లి భయం. పెళ్లయిన ఆవిడకు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని డాక్టరు చెప్తాడు, ఆ మాట అత్తగారికి ఎవరు చెప్తారు? మూడో నెల నుంచి జుట్టు చేతికి ఊడి వస్తుంది. అది మామూలే, చాలామందికి ఏడాదిలోపు తిరిగి మొలుస్తుంది. కానీ ఇంట్లోవాళ్లు "ఏం రోగమే?" అని మొదలుపెడతారు. అన్నిటికన్నా పెద్ద గొడవ తినే వేళ. మన ఇళ్లలో వండేది ఆమె, వడ్డించేది ఆమె, చివర్న మిగిలింది తినేది ఆమె. ఈ ఆపరేషన్ అయినవాళ్లు వేళ తప్పకుండా కొంచెం కొంచెంగా, నిదానంగా కూర్చుని తినాలి. అందరూ తిన్నాక చల్లారిన అన్నంలో అడుగున మిగిలిన చారు పోసుకుంటే ఆ 60 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? కోడికూరలో ముక్కలు మగవాళ్ల కంచాల్లోనే అయిపోతాయి కదా.

దాచడంలోని అసలు ప్రమాదం ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర మొదలవుతుంది. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదింటికి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. మోకాలు నొప్పి అని పోతే ఆయన చేతిలో మొదట వచ్చేది డైక్లోఫెనాక్ సూది, రెండు నొప్పి గోలీలు. బైపాస్ అయినవాడికి ఆ గోలీలు కుట్టిన చోట పుండు పుట్టించగలవు, అది కారి రక్తం పోవచ్చు. స్లీవ్ అయినవాళ్లూ డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇక షుగర్. ఆపరేషన్ తర్వాత షుగర్ గబగబా తగ్గుతుంది, మాత్రల మోతాదు తగ్గించాలి. పాత చీటీ ప్రకారమే ఇస్తూ పోతే ఓ రాత్రి షుగర్ పడిపోతుంది.

అన్నింటికన్నా భయపడాల్సింది వాంతులకు. రోజుల తరబడి వాంతులవుతుంటే ఒంట్లో బీ1 విటమిన్, థయామిన్ అంటారు దాన్ని, అడుగంటుతుంది. ఆ స్థితిలో నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఉన్న కాస్త థయామినూ ఖర్చయి, కళ్లు మసకబారి, నడక తూలి, మతి తప్పే వెర్నికీ జబ్బు రావచ్చు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. ముందు థయామిన్, తర్వాత గ్లూకోజ్. ఇంతే తేడా. కానీ ఆపరేషన్ అయిందని తెలియని ఆర్‌ఎంపీకి ఈ తేడా ఎలా తోస్తుంది? ఆయన దృష్టిలో ఇది ఎండకు నీరసపడిన మామూలు కేసు. సీసా కట్టి పోతాడు.

కల్లు మాట చెప్పకపోతే మా వైపు గురించి రాసినట్టు కాదు. కడుపు చిన్నదయ్యాక ఏ మత్తయినా తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. బైపాస్ అయినవాళ్లలో రెండో ఏడాది నుంచి తాగుడు వ్యసనం పెరుగుతోందని అమెరికాలో 2012లో అచ్చయిన పెద్ద అధ్యయనం చెప్పింది. తిండితో వచ్చే తృప్తి పోయాక ఆ ఖాళీలోకి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది మరి. పైగా మన కల్లులో ఏముందో కల్లు గీసినవాడికి కూడా తెలియని రోజులివి. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలోనే కల్తీ కల్లు తాగి పదుల మంది మెడలు వంకర్లు పోయి, వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. మామూలు కడుపులకే అలా అయితే, తాగింది నేరుగా పేగులోకి దిగే కడుపుకు ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఊరందరికీ చాటింపు వేయమని కాదు. వండేవాళ్లకు, వడ్డించేవాళ్లకు, పొలంలో పక్కన పనిచేసేవాళ్లకు, మందులిచ్చే ఆర్‌ఎంపీకి చెప్తే చాలు. డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్‌లో ఉండాలి. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం వాడాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి మింగకూడదు, మధ్య రెండు గంటలైనా ఉండాలి. ఏడాదికోసారైనా రక్తపరీక్ష. బీ12 సూది కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, చీటీ ఉంటే దగ్గర్లో ఏ నర్సమ్మయినా వేస్తుంది.

హైదరాబాద్ ఆసుపత్రులకూ ఒక మాట. లక్షల బిల్లు కట్టించుకునేటప్పుడు వాళ్లకు తెలుగు బాగానే వస్తుంది. డిశ్చార్జి రోజున ఇచ్చే తిండి కాగితం కూడా తెలుగులో, జావ, గటక, పెసరకట్టు అని మా మాటల్లో రాసివ్వండి. దాని వెనకవైపు పెద్ద అక్షరాలతో ఇంకో ఐదు లైన్లు, ఊరి ఆర్‌ఎంపీ చదువుకునేలా ఉండాలి. నొప్పికి ఏ గోలీ ఇవ్వొద్దు, గ్లూకోజ్‌కు ముందు ఏ సూది వేయాలి, ఎన్ని రోజులు వాంతులైతే పంపేయాలి, షుగర్ మాత్ర ఎంతకు తగ్గించాం, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి.