చిల్లు గిన్నె ఎవరి సొత్తు?

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో నైరుతి మూలన ఉంది మింబ్రెస్ నది లోయ. వెయ్యేళ్ల కిందట అక్కడి జనం తమవారిని ఇంటి నేల కిందే పూడ్చిపెట్టేవారు. చాలా సమాధుల్లో మృతుల తలపై మట్టి గిన్నెను బోర్లించేవారు. అంతకుముందు దాని అడుగున చిల్లు పొడిచేవారు. గిన్నె లోపల తెల్లటి పూతపై నల్లటి గీతల్లో కుందేళ్లు, చేపలు, గబ్బిలాలు, మనుషులు.

ఆ బొమ్మలే సమాధులకు శాపమయ్యాయి. 1960, 70 దశకాల్లో సేకర్తల బజారులో ధరలు ఎగబాకడంతో దొంగలు బుల్‌డోజర్లతో ఆ పాత ఊళ్లను తవ్విపారేశారు. ఎముకలు చెల్లాచెదురయ్యాయి. గిన్నెలు చేతులు మారాయి. ప్రైవేటు భూముల్లోని గుర్తులేని సమాధులను కదిలించడం తీవ్ర నేరమని న్యూమెక్సికో చట్టం చేసేసరికి 1989 వచ్చింది. సమాధి వస్తువులను సంబంధిత తెగలకు తిరిగివ్వాలన్న ఫెడరల్ చట్టం 1990లో వచ్చింది. అయితే అది ప్రభుత్వ సంస్థలకు, ప్రభుత్వ సొమ్ము అందుకునే మ్యూజియంలకే వర్తిస్తుంది. సంపన్నుల డ్రాయింగ్ రూమ్ దాని పరిధిలో లేదు. తెగల పవిత్ర వస్తువులను దేశం దాటించడాన్ని నిషేధించే చట్టానికి 2022 దాకా ఆగాల్సివచ్చింది.

ఆ గీతలు మాత్రం సమాధుల్లోనే ఆగిపోలేదు. 1930లలో శాంటా ఫే రైల్వే వాటిని తన భోజన బోగీల పింగాణీ పళ్లేలకు ఎక్కించింది. అంతకంటే లోతైన కొనసాగింపు ప్యూబ్లో పల్లెల్లో కనిపిస్తుంది. అక్కడ కుమ్మరి సారె లేదు. మట్టిని తాళ్లలా పేని, చుట్టలుగా పేర్చి గిన్నె కడతారు. నున్నటి రాయితో మెరుగుపెడతారు. యక్కా ఆకు కొసను నమిలి కుంచె చేసుకుంటారు. శాన్ ఇల్డెఫోన్సోలో మరియా మార్టినెజ్ మలిచిన నల్లటి పాత్రలపై భర్త జూలియన్ గీసిన ఈకల వలయానికి మూలం మింబ్రెస్ గిన్నెలే. అకోమాలో లూసీ లూయిస్ కూడా ఆ బొమ్మలకు మళ్లీ ప్రాణం పోశారు.

మరి వాటి గురించి మాట్లాడే హక్కు ఎవరిది? 2022లో శాంటా ఫేలో, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన 'గ్రౌండెడ్ ఇన్ క్లే' ప్రదర్శన ఒక జవాబిచ్చింది. ఏ కుండలు పెట్టాలో, వాటి గురించి ఏం చెప్పాలో నిర్ణయించింది నిపుణులు కాదు, 60 మందికి పైగా ఆదివాసీ సముదాయాల సభ్యులు. వారి మాటల్లో కుండ కళాఖండం కన్నా ముందు ఇంటి మనిషి.

గిన్నె అడుగున చిల్లుకు అర్థమేమిటన్నది పండితులు తేల్చుకోవాల్సిన విషయం. వేలంపాట కోసం పొడిచింది మాత్రం కాదు.