తొట్లకొండ తొట్లు, మన ఇంటి తొట్టి

ప్రాచీన నాగరికత అనగానే పలువురికి ఈజిప్టు పిరమిడ్లు స్ఫురిస్తాయి. మరణించిన రాజుకు అంతటి రాతి కట్టడం! వైద్యుడనైన నాకు మాత్రం సుమారు 4,500 ఏండ్ల నాటి మొహెంజొదారో ప్రీతిపాత్రం. చాలా ఇండ్లకు స్నానపు గది, వాడిన నీరు పోవుటకు ఇటుకలు కప్పిన కాలువ, వీధి వీధికీ బావులు.

అంత దూరమేల? మా సబ్బవరం నుండి సముద్రం వైపు వెళ్ళి భీమిలి దారి పట్టినచో తొట్లకొండ కలదు. 1976లో నౌకాదళం వారి సర్వేలో బయటపడినది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వలననే దానికి ఆ పేరు. రెండువేల ఏండ్ల నాడు బౌద్ధ భిక్షువులు వాననీటిని వాటిలో నిలువ చేసికొని కొండపై నివసించారు. ఎదుట సముద్రమంత నీరున్నా త్రాగుటకు చుక్క పనికిరాదు గదా!

మరి మన మేడమీది తొట్టిని కడిగి ఎన్నాళ్ళయినది? కామెర్లతో, విరేచనాలతో వచ్చినవారిని నేను మొదట అడిగేది ఇదే. లేహ్యం ఇమ్మంటారు గాని, మూత లేని తొట్టి సంగతి చెప్పరు. కలక నీటికి సుశ్రుతసంహిత చిల్లగింజను చెప్పినది. అది నీటిని తేర్చును. తేరినంత మాత్రాన రోగకారకాలు నశించవు. వడగట్టి, తెర్లకాచి, చల్లార్చి, మూతపెట్టిన పాత్రలోనిదే పిల్లలకు ఇవ్వండి.