పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

సార్వా దమ్ములు ముమ్మరంగా సాగే రోజుల్లో మినీ ట్రాక్టరు మొరాయిస్తే కోనసీమ పల్లెల్లో ముందుగా వినిపించే మాట ‘పంపు పోయింది’. ఆ మాట అనుకున్నాక ఇంజెక్షన్ పంపు ఊడదీయడం, పట్నంలో షాపుకు పంపడం, నాజిళ్లు మార్చడం వరసగా జరిగిపోతాయి. సెకండ్‌హ్యాండ్ బండి అయితే ఎవరూ మారుమాట అడగరు. పాతది కాబట్టి పోయి ఉంటుందనే అనుకుంటారు. ఈ తొందరపాటు తీర్పు సన్నకారు రైతుకు చేటు చేస్తోంది. పి.గన్నవరం చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఏడున్నర, ఎనిమిది మీటర్ల ఎడమే ఉంటుంది. ఆ ఎడంలోనూ అరటి, కోకో వేసిన చోట పెద్ద ట్రాక్టరు తిరగదు. 15 నుంచి 25 హార్స్‌పవర్ బండే కావాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపే. అంత చిన్న కమతం మీద బతికే రైతు పాత బండి కొనడం సహజం. అది ఆగినప్పుడు పరీక్ష ట్యాంకు దగ్గర మొదలై, పంపు దగ్గర ముగియాలన్నదే నా వాదన.

దీనికి ఆధారం డీజిల్ నడిచే దారిలోనే ఉంది. ట్యాంకు నుంచి డీజిల్ నీటిని వేరుచేసే గిన్నెలోకి, ఫీడ్ పంపులోకి, ఫిల్టరులోకి వెళ్లి, ఆ తర్వాతే ఇంజెక్షన్ పంపుకు చేరుతుంది. పంపు దాన్ని చదరపు సెంటీమీటరుకు వంద కిలోలకు మించిన ఒత్తిడితో నాజిల్‌కు పంపుతుంది. పంపు లోపల ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం అందుకు ఎన్నో రెట్లు ఎక్కువ. అంత సన్నని సందుకు డీజిలే కందెన. డీజిల్‌లో నీరు చేరితే తుప్పు పడుతుంది, ఇసుక రేణువు వెళితే గీత పడుతుంది. కాబట్టి పంపు నిజంగానే అరిగిందనుకున్నా, అరగడానికి కారణం చాలాసార్లు దానికి ముందున్న దారిలోనే ఉంటుంది. శివారు పొలానికి నీరందకపోతే గన్నవరం రైతు ముందు కాలువలో గుర్రపుడెక్క, తూము దగ్గర అడ్డు చూస్తాడే తప్ప చేను తవ్వుకోడు. ట్రాక్టరు విషయంలోనూ ఆ వివేకమే కావాలి. ట్యాంకు కడగకుండా, ఫిల్టరు మార్చకుండా కొత్త పంపు బిగిస్తే అదీ కొద్ది రోజుల్లోనే పాతదాని బాట పడుతుంది.

కోనసీమలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. దమ్ములయ్యాక బండి నెలల తరబడి కొట్టంలో ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకు లోపలి గోడలకు రాత్రిళ్లు నీటి బిందువులు పట్టి, జారి అడుగుకు చేరతాయి. డీజిల్ తేలిక, నీరు బరువు. ఆ రెండూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి మడ్డి కడుతుంది. ఫిల్టరును మూసేసేది ఆ మడ్డే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పి.గన్నవరం మండలంలోని లంకలు మునిగాయి. అలాంటి వరదలో నానిన బండికి రంగులు వేసి అమ్మితే లోపలి ఒండ్రు కొన్నవాడి నెత్తిన పడుతుంది. అందుకే బండి బేరమాడేటప్పుడు ట్యాంకు అడుగు బిరడా విప్పి, ఒక గాజు సీసాలో డీజిల్ పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లారేసరికి అడుగున నీటి పొర, మధ్యలో గోధుమరంగు తెట్టు, కింద నలుసులు కనిపిస్తే ఆ బండి చరిత్ర సీసాలోనే తెలిసిపోతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

లక్షణాలు కూడా ఇదే దారి చూపిస్తాయి. ఇంజను కాసేపు బాగా నడిచి ఆగి, కొంతసేపటికి మళ్లీ అందుకుంటుంటే ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడాలి. మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో పూడితే లోపల గాలి లేక డీజిల్ కిందికి దిగదు. ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, రోటవేటర్ దించగానే బలం తగ్గితే ఫిల్టరు చోక్ అయిందని అనుమానించాలి. ఎయిర్ క్లీనరునూ చూడాలి. సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోతే ఆపే కేబులు వెనక్కి వచ్చిందో లేదో చూడడం మొదటి పని, ఎందుకంటే ఆ కేబులు లాగే లివరు ‘ఆపు’ వైపే ఉండిపోతే పంపు డీజిల్ ఇవ్వదు. ఇక గాలి పట్టడం చాలామందిని తికమక పెడుతుంది. ఫీడ్ పంపు దాటాక పైపు కారితే డీజిల్ చుక్కలు కనిపిస్తాయి. ఫీడ్ పంపు లాగే వైపు సందు పడితే ఇంజను నడిచేటప్పుడు చుక్క కూడా కారకపోవచ్చు. ఆ సందు గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పగిలిన రబ్బరు గొట్టం, వాడిందే మళ్లీ వాడిన రాగి వాషరు అందుకు చాలు. ఆ గొట్టమో వాషరో మార్చి, ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతి పంపు కొడితే బండి కదులుతుంది. అదే బండిని నేరుగా పంపు షాపుకు తీసుకెళ్తే, బిల్లు కట్టి తెచ్చాక కూడా ఆ సందు అక్కడే ఉంటుంది.

రైతు మెకానిక్ కాదు కదా, తెలియని చేయి పెడితే ఉన్నదీ పాడవుతుందన్న అభ్యంతరం ఉంది. అందులో సగం నిజం. నాజిల్ పైపుల వైపు అనుభవం లేనివారు వెళ్లకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. పంపు సీలు విప్పడం టెస్ట్ బెంచ్ ఉన్న షాపు పని. అయితే ఫిల్టరు వరకూ ఉన్న దారి ఆ కోవలోకి రాదు. శుభ్రమైన గుడ్డ, రెండు స్పానర్లు, కొత్త వాషర్లు ఉంటే సరిపోయే పని అది. సీజన్‌లో ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిదని మరికొందరు అంటారు. ఈ వరస పరీక్షకు పట్టేది పూటలోపు సమయం. షాపుకెళ్లిన పంపు తిరిగొచ్చేసరికి దమ్ము అదునే దాటిపోతుంది.

ఇన్ని తిప్పలెందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అనేవారూ ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట వాస్తవమే. అయినా కొత్త బండి వాయిదాలు చిన్న కమతానికి భారమే. పైగా కొత్త బండికైనా తేమ, మడ్డి తప్పవు. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాక కామన్ రైల్, ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగాయి. అక్కడ కంపెనీ పరికరం లేనిదే లోపం చదవలేం. మామూలు పంపు ఉన్న పాత చిన్న బండిని చూసి, విని, ముట్టుకుని అర్థం చేసుకోవచ్చు. అమెరికాలో రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కు కోసం పోరాడితే కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. చేతిలో ఉన్న హక్కును తెలియనితనంతో వదులుకోకూడదు.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. పంపు షాపులు టెస్ట్ బెంచ్ మీద కొలిచిన అంకెలను, మరమ్మతుకు ముందువీ తర్వాతవీ, కాగితం మీద రాసివ్వాలి. మార్చిన పాత విడిభాగాలను రైతుకే తిరిగి ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉన్న గార్లదిన్నె అనంతపురం జిల్లాలో ఉంది. లంక రైతు అంత దూరం వెళ్లలేడు. ఆ శిక్షణే ఇక్కడికి రావాలి. సార్వాకు ముందు రైతు సేవా కేంద్రాల్లో ఒక్కరోజు శిబిరం పెట్టి, ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థులను వెంటబెట్టుకుని ట్యాంకు కడగడం, గాలి తీయడం చేసి చూపించాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను. రైతులూ రెండు పనులు అలవాటు చేసుకోవాలి: బండిని కొట్టంలో పెట్టే ముందు ట్యాంకు నిండా డీజిల్ పోయడం, తీసిన రోజు అడుగు నీరు వదలడం. ఈసారి ఎవరైనా ‘పంపు పోయింది’ అంటే, ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు చూశారా అని అడగండి. ఆ జవాబు వచ్చేదాకా పంపు విప్పనివ్వకండి.