మార్కులతో పాటు సందేహాలూ అడగండి



పదో తరగతి అయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అనే చాలామంది అడుగుతారు. ఎంఈసీ, సీఈసీ అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ దారిలో సీఏ ఆర్టికల్‌షిప్ అనే మంచి చదువు ఉంది. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసైనవాళ్లు స్టైపెండ్ తీసుకుంటూ ఆఫీసులోనే పని నేర్చుకుంటారు. ఒకప్పుడు 3 ఏళ్లుండే ఈ శిక్షణ 2023 జులై నుంచి 2 ఏళ్లకు తగ్గింది.

మా చెల్లెలు హైదరాబాద్‌లో ఒక పెద్ద సంస్థ ట్యాక్స్ విభాగంలో ఈ శిక్షణ పొందింది. జులై 31 గడువు దగ్గరపడితే ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటేది. ఫారం 16లోని టీడీఎస్‌ను 26ఏఎస్‌తో సరిచూడడం, తేడా వస్తే కారణం వెతకడం, పన్ను శాఖ నోటీసుకు జవాబు రాసి సీనియర్‌కు చూపించడం తన పని. సెక్షన్ నంబర్లు బట్టీ పడితే అక్కడ సరిపోదు. "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది సార్?" అని జంకకుండా అడగాలి. విషయాన్ని నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయాలి.

మా తరగతుల్లో మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా చేయెత్తడానికి భయపడుతున్నారు. అందుకే "ఎన్ని మార్కులు?" అన్నాక "ఈ రోజు టీచర్‌ని ఏం అడిగావు?" అని కూడా అడగండి. ఈ నెల కరెంటు బిల్లు చేతికిచ్చి, ఆ మొత్తం ఎలా వచ్చిందో మీకు చెప్పమనండి.