విత్తువాని అప్పు

బోరబండలో ఆదివారపు ఆరాధన ముగిశాక గుడి మెట్ల దగ్గర నిలబడితే పాలమూరు మాటలు వినబడతాయి. హైటెక్ సిటీ భవనాలకు సెంట్రింగ్ పని, తాపీ పని చేసే సహోదరులు వారు. వారి కూలి డబ్బు జూన్ రాగానే ఊరికి పోతుంది, పత్తి విత్తనాలకు, యూరియాకు. "మంచి విత్తనాలు, ఎరువులు వాడేలా చిన్న రైతుకు అవగాహన కల్పించాలి" అని సభల్లో పెద్దలు అంటుంటారు. ఆ మాట మాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అవగాహన లేని రైతేనా 2025 ఆగస్టులో తెలంగాణ సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి రాత్రంతా కాచుకున్నది? రూ.266.50 ధర ఉన్న 45 కిలోల బస్తా కోసం ఆ నిరీక్షణ. నాటు పడింది, అదనుకు యూరియా వేయాలి. అది రైతుకు ఎవరూ బోధించనక్కరలేదు.

విత్తనం సంగతి కొంచెం వేరు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. కొన్నేళ్లకే వరంగల్ పత్తి చేలు దాదాపు దానివే అయ్యాయి. 1997-98లో పురుగు పంటను తినేస్తే, మందుల అప్పు మనుషులను తినేసిన జిల్లా అది. పురుగును తట్టుకుంటుందంటే ఎవరు వద్దంటారు? అయితే అక్కడి ఊళ్లలో ఏళ్ల తరబడి పరిశీలించిన గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త 2007లో మరో సంగతి రాశారు. ఒక ఊరు ఒక బ్రాండు వెంట పడుతుంది, పక్క ఊరు వేరే బ్రాండు వెంట, మరుసటి ఏడు రెండూ మారిపోతాయి. సంచుల మీది పేర్లు ఏటేటా మారుతుంటే కొంచెం వేసి చూసి నేర్చుకునే వీలెక్కడిది? పొరుగువాని చేను చూస్తాడు, దుకాణదారును అడుగుతాడు. ఉద్దెర పుట్టేదీ ఆ దుకాణంలోనే. ఉద్దెరకు వచ్చిన సంచే మంచి విత్తనం! గులాబీ రంగు పురుగు ఇప్పుడు బీటీకీ లొంగడం లేదు, ఆ నష్టం మాత్రం రైతు ఖాతాలోనే.

చేతిలో రొక్కం ఉండాలనే 2018లో రైతుబంధు ఎకరాకు, పంటకు రూ.4,000తో మొదలైంది. మంచి ఆలోచనే. కాని అది పట్టాదారుకు చేరింది, కౌలుదారుకు కాదు. 2025 జనవరిలో రైతు భరోసాగా మారి రూ.6,000 అయినా అదే తీరు. విత్తువాడు ఒకడు, విత్తనాల డబ్బు అందుకునేవాడు మరొకడు.

ఆదికాండము 47వ అధ్యాయంలో యోసేపు విత్తనాలిచ్చిన ఘట్టాన్ని పాలనాదక్షతకు మాదిరిగా బోధిస్తాము. మేమూ బోధించాము. అప్పటికే ఆ జనుల డబ్బు, పశువులు, పొలాలు ఫరోవైపోయాయనీ, పంటలో ఐదవ వంతు కూడా అతనికే అనీ త్వరగా చదివి దాటేస్తాము. కౌలుకు చేసే ఒక సహోదరునితో మొన్న ఆ మాట ఎత్తితే ఆయన నవ్వాడు.

"ఐదో వంతేనా అయ్యగారూ?"