జడలు కట్టిన తల, మన ప్రసంగ వేదిక



పోయిన నెల మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మన పిల్లవాడు పెట్టాడు. అక్కడి నల్లజాతి సహోదరుడొకరు యోహాను సువార్త 4వ అధ్యాయం మీద పది నిమిషాలు మాట్లాడారు. సమరయ స్త్రీ గురించి అంత చక్కని ప్రసంగం నేను ఈమధ్య వినలేదు. కానీ గ్రూపులో ఎవరూ సమరయ స్త్రీ ఊసెత్తలేదు. భుజాల కిందికి తాళ్లలా వేలాడుతున్న ఆయన జుట్టు గురించే మాట్లాడారు. "ఈయన పాస్టరా, సాధువా?" అని ఒకరు. "తలకు పోసుకుని ఎన్నేళ్లయిందో" అని ఇంకొకరు. నవ్వే బొమ్మలు పదిహేడు వచ్చాయి. వాటిలో ఒకటి నాది.

ఆ రాత్రి పిల్లవాడు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, నేనిక్కడికి వచ్చిన కొత్తలో గది దొరక్క తిరుగుతుంటే మూడు వారాలు ఇంట్లో పెట్టుకున్నది ఆ అన్నే. క్రిస్మస్‌కు నాతో మన ఊరు వస్తానంటున్నాడు. తీసుకురమ్మంటారా, వద్దా?"

రమ్మన్నాను. సంఘ పెద్దలకు చెబితే వాళ్లూ సంతోషించారు. భోజనం పెడదాం, దండ వేద్దాం అన్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా అన్నారు: ఆ తలతో వేదిక ఎక్కకూడదు, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు అని. నాకు అది మింగుడు పడలేదు. ఆయన వేదిక ఎక్కాలి, వాక్యం చెప్పాలి అన్నది నా అభిప్రాయం. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. ఆదివారం నిలబడి చెబితే మీరు నా మాట వినడం మాని పెద్దల ముఖాలు చూస్తారు.

ముందు ఆ జుట్టు సంగతి తెలుసుకుందాం. వాటిని డ్రెడ్‌లాక్స్ అనేవారు. డ్రెడ్ అంటే భయం. ఆ ముక్క మాకెందుకని ఇప్పుడు చాలామంది లాక్స్ అని మాత్రమే అంటున్నారు. మనిషి తలనుంచి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. మనకు అవి దువ్వెనకు వచ్చేస్తాయి. ఆఫ్రికా మూలాలున్నవారి జుట్టు చాలామందికి స్ప్రింగులా మెలికలు తిరిగి పెరుగుతుంది. దాన్ని పాయలుగా తీసి మెలిపెట్టి దువ్వకుండా ఉంచితే, రాలిన వెంట్రుక కింద పడకుండా పక్కదానితో పెనవేసుకుని అక్కడే ఉండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ పాయ గట్టిపడుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. కొన్ని వారాలకోసారి కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టును మళ్లీ మెలిపెట్టాలి. దానికి గంటల తరబడి కూర్చోవాలి. తల్లి కూతురికో, అక్క తమ్ముడికో చేస్తూ కబుర్లు చెప్పుకునే పని అది, మన అరుగుల మీద జడలు వేసుకున్నట్టే. తలస్నానం మానేస్తేనే లాక్స్ వస్తాయన్నది ఒట్టి మాట. జిడ్డు లేని జుట్టే బాగా ముడిపడుతుంది. కడిగాక లోపలిదాకా ఆరాలి, లేకపోతే వాసన పడుతుంది. ఆ అన్న శనివారం పొద్దున తల కడిగితే సాయంత్రం దాకా ఆరబెట్టుకుంటూనే ఉంటాడని పిల్లవాడు చెప్పాడు. ఎన్నేళ్లయిందో అని అడిగినవారికి ఇదే జవాబు.

అయినా మన పెద్దల భయాన్ని నేను తీసిపారెయ్యను. జడ కట్టిన తలను చూసి ఉలిక్కిపడటానికి మనకు కారణం ఉంది. మన ప్రాంతాల్లో ఆడపిల్ల జుట్టు చిక్కుబడి జడ కడితే ఎల్లమ్మ పిలిచిందనేవారు. ఆ పిల్లను జోగినిగా వదిలేవారు. ఆ తర్వాత ఆమె బతుకు ఎవరి చేతుల్లో పడేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. దాన్ని ఆపడానికి 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టమే చేయవలసి వచ్చింది. అలాంటి చోట జడ కత్తిరించడమంటే ఆ బిడ్డను చెరనుంచి విడిపించడమే. పెద్దల కళ్లముందు ఆ బొమ్మ ఉంది.

కానీ సముద్రం దాటితే కథ తిరగబడుతుంది. అక్కడ కత్తిరించడమే చెర.

ఆఫ్రికానుంచి మనుషులను ఓడల్లోకి ఎక్కించే ముందు చాలాచోట్ల తలలు గొరిగేవారు. అల్లికను బట్టి ఏ తెగ, ఎవరి బిడ్డ, పెళ్లయిందా లేదా అన్నది తెలిసే జనాలకు అది పేరు తుడిచేసినట్టే. తోటల్లో వారి జుట్టును గొర్రె ఉన్నితో పోల్చి ఎగతాళి చేశారు. 1786లో లూసియానాను ఏలుతున్న స్పెయిన్ గవర్నరు ఎస్తెబాన్ మీరో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు కూడా జుట్టు కనబడకుండా తలగుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లు ఆ గుడ్డనే రంగురంగులుగా, ఎంతో అందంగా చుట్టుకున్నారు. ఆ సంగతి చదివి నేను నవ్వుకున్నాను. దక్షిణాఫ్రికాలో 1950లో మనుషులను జాతులుగా నమోదు చేసే చట్టం వచ్చాక, అనుమానం ఉన్నచోట జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు. పెన్సిల్ జారి పడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. ఒకే ఇంట్లో పుట్టినవారిని ఇలాంటి పరీక్షలు విడదీశాయి.

ఇదంతా పాతకాలం అనుకోకండి. 2010లో అలబామా రాష్ట్రం మొబైల్ నగరంలో ఒక యువతికి ఉద్యోగం ఇచ్చి, లాక్స్ తీసేయమన్నారు. ఆమె తీయనంటే ఉద్యోగం వెనక్కి తీసుకున్నారు. 2016లో అప్పీలు కోర్టు, జుట్టు పెట్టుకునే తీరు మార్చుకోగలిగేదే కదా, పుట్టుకతో వచ్చిన రంగులాంటిది కాదు కదా అని కంపెనీ వైపే తీర్పు చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది డిసెంబరులో న్యూజెర్సీలో పదహారేళ్ల కుస్తీ కుర్రాడికి రిఫరీ రెండే దారులు చూపించాడు: జుట్టు కత్తిరించుకో, లేదా ఓడిపోయినట్టు ఒప్పుకో. అందరూ చూస్తుండగా మ్యాట్ పక్కనే నిలబెట్టి ఒకావిడ కత్తెరతో లాక్స్ కోసేసింది. ఆ వీడియో మీరు చూసే ఉంటారు. పిల్లవాడు గెలిచాడు. రిఫరీ అతని చెయ్యి పైకెత్తినప్పుడు ఆ ముఖంలో గెలుపు లేదు.

ఆ బాధలోనుంచే క్రౌన్ చట్టం పుట్టింది. క్రౌన్ అంటే మీకు తెలుసు, కిరీటం. 2019 జులైలో మొదట కాలిఫోర్నియా చేసింది. లాక్స్, అల్లికలు, సహజంగా పెరిగిన జుట్టు కారణంగా బడిలో గానీ పనిలో గానీ ఎవరినీ తీసివేయకూడదని దాని సారం. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2022 మార్చిలో దేశమంతటికీ వర్తించే బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది కానీ సెనేటు దాటలేదు. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1న చట్టం అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి హైస్కూలు విద్యార్థి ఒకడిని లాక్స్ పొడవు ఎక్కువైందని తరగతి బయట కూర్చోబెట్టారు. చట్టం జుట్టు తీరు గురించే గానీ పొడవు గురించి కాదని బడివాళ్లు వాదించారు. 2024 ఫిబ్రవరిలో జడ్జి ఆ వాదనే ఒప్పుకున్నాడు. ధర్మశాస్త్రాన్ని అక్షరంతో పట్టుకుని ఆత్మను వదిలేయడం పరిసయ్యుల దగ్గరే ఆగలేదు.

మరి అందరిలా సాఫీగా చేసుకుంటే గొడవ ఉండదు కదా అంటారు. చేసుకున్నారు, తరాలపాటు. జుట్టును నిటారుగా చేసే పాత మందుల్లో ఉండేది కాస్టిక్ సోడా. మన ఆడవాళ్లు సబ్బు చేసేటప్పుడు చేతికి తగలకుండా జాగ్రత్తపడే మందే. దాన్ని చిన్నపిల్లల తలలకు కూడా రాశారు, మాడు మండుతున్నా ఓర్చుకోమన్నారు. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 33 వేలకు పైగా స్త్రీలను గమనించి రాసినదాని ప్రకారం, ఇలాంటి మందులు ఎన్నడూ వాడనివారిలో డెబ్బై ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64, తరచూ వాడేవారిలో 4.05. మందే కారణమని అది రుజువు చేయలేదు గానీ, భయపడటానికి ఆ తేడా చాలు. ఇరుగుపొరుగువారి కంటికి మర్యాదగా కనబడటానికి ఒక జాతి తన తలను అంతగా కాల్చుకోవలసి వచ్చింది.

ఇక వాక్యం సంగతి. 1 కొరింథీయులకు 11వ అధ్యాయం నాకూ తెలుసు, పురుషుని పొడవైన జుట్టు గురించి పౌలు రాసిన మాట. అదే పౌలు అపొస్తలుల కార్యములు 18లో మొక్కుబడి ఉన్నందున కెంక్రేయలో తల వెండ్రుకలు కత్తిరించుకున్నాడు. అంటే అప్పటిదాకా పెంచాడు. సంఖ్యాకాండము 6లో నాజీరు వ్రతం పట్టినవాడి తల మీదికి మంగలకత్తి రాకూడదు. సమ్సోనుకు తల మీద ఏడు జడలు ఉన్నాయి, మన తెలుగు బైబిలు వాటిని జడలనే అంటుంది. ఆయన జుట్టు ఆఫ్రికావారి జుట్టు అని నేను చెప్పడం లేదు. జడలున్న తలను దేవుడు వాడుకున్నాడని మాత్రం చెబుతున్నాను. ఆ జడలు ఎవరి ఒడిలో, ఎవరి డబ్బుకోసం గొరగబడ్డాయో కూడా గుర్తుచేసుకోండి. పేతురు పత్రికలో జడలు అల్లుకోవడం గురించి ఉందని ఒక సహోదరి అడిగారు. ఆ మాటను అక్షరాలా పట్టుకుంటే పక్కనే బంగారం, మంచి బట్టలు కూడా ఉన్నాయమ్మా. ముందు మన క్రిస్మస్ చీరలు ఆగిపోతాయి. ఆ మాటకొస్తే మన మందిరం గోడమీది క్యాలెండరులో యేసయ్య జుట్టు భుజాలదాకా ఉంది. దాని కింద కొరింథీ పత్రిక ఎవరూ రాయలేదు.

లాక్స్ అంటే రాస్తాఫరీ మతం కదా అని ఒక పెద్దాయన అన్నారు. అందులో కొంత నిజముంది. 1930లో ఇథియోపియాకు హైలే సెలాసీ చక్రవర్తి అయ్యాక, జమైకాలోని పేదలు ఆయనలో దేవుణ్ణి చూశారు. నాజీరు వ్రతాన్ని పట్టుకుని జుట్టు పెంచారు. ఆ బోధ మనది కాదు, మనం ఒప్పుకోము. ఆ చక్రవర్తి కూడా ఇథియోపియా ఆర్థొడాక్స్ సంఘంలో విశ్వాసిగానే ఉండిపోయాడు. అయితే 1963లో కోరల్ గార్డెన్స్ దగ్గర గొడవ జరిగాక పోలీసులు కనబడిన రాస్తాలందరినీ పట్టుకుని కొట్టి, జుట్టు కోసేశారు. 2017లో జమైకా ప్రధాని అందుకు క్షమాపణ చెప్పాడు. బోధ తప్పయితే బోధతో వాదించాలి, కత్తెరతో కాదు. పైగా ఈనాడు లాక్స్ పెట్టుకున్న డాక్టర్లు, టీచర్లు, సేవకులు ఎందరో ఉన్నారు. 2017నుంచి అమెరికా సైన్యంలో స్త్రీ సైనికులకు కూడా అనుమతి ఉంది. అందరూ రాస్తాలు కారు.

ఇంకో సంగతి, మన ఇంటిది. "చిక్కు వెంట్రుకలు కొంటాం" అని కేకేస్తూ వీధిలోకి వచ్చేవాడికి మన అమ్మలు గోడ సందులో దాచిన ఉండలు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. తిరుమల కల్యాణకట్టలో మన పొరుగువారు భక్తితో ఇచ్చిన తలనీలాలు వేలానికి వెళతాయి. ఆ జుట్టంతా ఎక్కడికి పోతుందని ఎప్పుడైనా అనుకున్నారా? విగ్గులుగా, సవరాలుగా మారి అందులో చాలాభాగం విదేశాలకు వెళుతుంది. అమెరికాలో నల్లజాతి స్త్రీలు దాన్ని ఎంతో డబ్బు పోసి కొంటారు. 2009లో క్రిస్ రాక్ అనే నటుడు గుడ్ హెయిర్ అనే డాక్యుమెంటరీలో ఇండియాదాకా వచ్చి ఇది చూపించాడు. తనకు మంచి జుట్టు ఎందుకు లేదని అతని చిన్న కూతురు అడిగిందట, అక్కడ మొదలైంది. ఆ పాప అనుకున్న మంచి జుట్టు మన పెరట్లో చిక్కు తీసి పారేసిన జుట్టు. ఆ మార్కెట్టును కాదనుకుని, దేవుడిచ్చిన తల ఇదేనని పెంచుకున్నవాడిని చూసి నవ్వింది మనం.

మనం, అంటే ఎవరం? మన తాతలను ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడవమన్నారు. మన నీడ మైల అన్నారు, మన ఒళ్లు వాసన అన్నారు. శుభ్రంగా తానం చేసి తెల్లబట్ట కట్టుకుని ఆదివారం మందిరానికి వెళుతుంటే ఓర్వలేకపోయారు. నేను ఆ నవ్వే బొమ్మ నొక్కినప్పుడు మా తాత గుర్తుకు రాలేదు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చాడు, చాలాసేపు నిద్రపట్టలేదు. మర్నాడు ఆ బొమ్మ తీసేశాను. గ్రూపులో ఇంకా పదహారు ఉన్నాయి.

పెద్దలతో మళ్లీ మాట్లాడాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఆలోచిస్తానన్నారు, ఒకరు ఆ ఆదివారం తమ కూతురి ఊరికి వెళతానన్నారు. వెళ్లవద్దని ఇందుమూలంగా బతిమాలుతున్నాను. క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఆరాధన పదింటికి. వాక్యం ఆయనే చెబుతారు, మన పిల్లవాడు తెలుగు చేస్తాడు. ఒక్క మనవి: ఆయన తలమీద చెయ్యి వెయ్యకండి, ముట్టుకోవచ్చా అని అడగకండి, వెనకనుంచి ఫోటోలు తీయకండి. పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి. బస మా ఇంట్లోనే. శనివారం కరెంటు ఉదయం ఆరునుంచి తొమ్మిదిదాకానే ఉంటుంది కాబట్టి, పక్కింటి బోరుకూడా ఆ పూట మాకు వదలాలని అడిగాను, సరేనన్నారు. డాబామీద మధ్యాహ్నందాకా ఎండ ఉంటుంది, జుట్టు ఆరడానికి సరిపోతుందని అమ్మగారు అంటున్నారు.